వచ్చి పోయే సూది, వచ్చి ఉండే సూది

ఆసుపత్రి గుమ్మం తొక్కని ఇల్లు ఈ రోజులలో లేదు. పురుడనో, జ్వరమనో, పెద్దవాళ్ళకు ఆయాసమనో ఏదో ఒక వంకతో ప్రతి కుటుంబమూ అక్కడ రెండు రాత్రులు గడిపే ఉంటుంది. అందుకే కాబోలు, నేను నర్సు ఉద్యోగం చాలించుకుని ఈ శీర్షిక వ్రాయడం మొదలు పెట్టాక నాకు వచ్చే ఉత్తరాలలో సగం సూదులను గురించే.

కిందటి నెలలో ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా అత్తగారికి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చాము. ఒక కుర్రవాడు వచ్చి, ఆవిడ 'అమ్మో' అనేలోపల ఒక్క పోటుతో పరీక్షకు రక్తం తీసుకుపోయాడు. కాసేపటికి సెలైను పెట్టడానికి వచ్చిన నర్సు మాత్రం మూడు చోట్ల పొడిచింది. మావారికి కోపం వచ్చి నలుగురిలో కేకలు వేశారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత నాకే ఏదోలా అనిపించింది. అయినా అడుగుతున్నాను. రెండూ సూదులే, రెండూ ఆ చేతికే కదా! ఒకరికి వచ్చిన విద్య ఇంకొకరికి రాకపోవడ మేమిటండీ?"

ఈ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. వార్డులలో పనిచేసిన ముప్పై అయిదేళ్ళలో నేను దీనిని ఎన్ని నోళ్ళ విన్నానో లెక్కలేదు. సమాధానం చిన్నదే. సూదులు రెండూ ఒకలాగే కనిపిస్తాయి గాని, వాటి పనులు వేరు. ఒకటి చుట్టపుచూపుగా వచ్చి పోయేది. రెండవది కాపురానికి దిగేది. ఈ తేడా తెలుసుకుంటే మనకు కోపం తగ్గుతుంది. అంతకన్న ముఖ్యం, మనవాళ్ళ చెయ్యి పదిలంగా ఉంటుంది.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. వాడుకలో మనం "నరం దొరకలేదు" అంటాము. అక్కడ వెదికేది నరం కాదు, సిర. ఒంట్లోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టం సిర. నరమంటే స్పర్శనూ నొప్పినీ మెదడుకు తెలియజేసే తీగ. మోచేతి మడత దగ్గర ఈ రెండూ ఇరుగుపొరుగున ఉంటాయి. అందుచేత సూది గుచ్చినప్పుడు వేళ్ళదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే పళ్ళు బిగపట్టి ఊరుకోకూడదు. వెంటనే చెప్పాలి, వాళ్ళు సూది తీసేస్తారు.

ఇక రక్తం తీయడం సంగతి. దీనికి సాధారణంగా మోచేతి మడతలోని సిరనే ఎన్నుకుంటారు. అది లావుగా ఉంటుంది, చర్మానికి దగ్గరగా ఉంటుంది, అంతగా పక్కకు జారిపోదు. సూది మొన ఆ సిరలో ఒక నిముషం నిలిస్తే చాలు. ఆ పైన సిర వంకర తిరిగినా, రెండుగా చీలినా మనకేమీ బాధ లేదు. సీసాలు నిండగానే సూది బయటికి వచ్చేస్తుంది. చుట్టం కాఫీ తాగి వెళ్ళిపోయినట్టే.

ఆ సీసాలను చూసి బెంగపెట్టుకునేవారున్నారు. "మూడు సీసాల రక్తం పీల్చేశారమ్మా" అంటారు. మూడూ కలిపినా సుమారు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న చెంచాలు. పెద్దవాళ్ళ ఒంట్లో రక్తం రమారమి 5 లీటర్లుంటుంది. మూతల రంగులు వేరుగా ఉండడానికి కారణమున్నది. ఊదారంగు మూత సీసాలో రక్తం గడ్డకట్టకుండా చూసే మందుంటుంది; రక్తకణాలను లెక్కించేది అందులోనే. బూడిదరంగు దానిలోని మందు, కణాలు చక్కెరను తినివేయకుండా ఆపుతుంది. నీలిరంగుది రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూడడానికి. దానిలో మందుకూ రక్తానికీ పాళ్ళు కుదరాలి గనుక గీత దాకా నిండి తీరాలి. అది నిండలేదని మళ్ళీ వస్తే విసుక్కోకండి.

ఈ పనిలో మనం చెడగొట్టేవి కూడా రెండున్నాయి. రక్తం బాగా రావాలని పిడికిలి ముడిచి విప్పి, ముడిచి విప్పి చేస్తాము. దానివల్ల పరీక్షలో పొటాషియం లేనిపోని ఎక్కువగా కనబడవచ్చు. పిడికిలి మెల్లగా ముడిచి ఉంచితే చాలు. రెండవది, సూది తీయగానే దూది పెట్టి మోచెయ్యి మడిచేస్తాము. మడవకూడదు. చెయ్యి చాచి, దూదిమీద వేలితో రెండు మూడు నిముషాలు నొక్కి పట్టుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారైతే ఇంకా ఎక్కువసేపు నొక్కాలి. అలా చేస్తే మర్నాటికి చెయ్యి నల్లగా కమిలిపోయే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు కాపురానికి దిగే సూదిని చూద్దాం. దీనిని కాన్యులా అంటారు. ఇది వట్టి సూది కాదు. బయట సన్నని మెత్తని ప్లాస్టిక్ గొట్టం, దాని లోపల ఉక్కు సూది. గొట్టం కొసకన్న సూది మొన ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకుని ఉంటుంది. సూది సిరలోకి దిగగానే వెనకనున్న చిన్న గదిలో రక్తం కనబడుతుంది. పక్కన నిలబడ్డ మనం "హమ్మయ్య, దొరికింది" అనుకుంటాము. కాని నర్సుకు అసలు పని అప్పుడే మొదలు. రక్తం కనబడిందంటే సూది మొన లోపలికి వెళ్ళిందన్న మాటే గాని, గొట్టం వెళ్ళిందని కాదు. ఆవిడ సూదిని ఇంకా వాల్చి, వెంట్రుకవాసి ముందుకు పోనిచ్చి, అప్పుడు సూదిని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని మాత్రం సిరలోకి జార్చాలి. వెంట్రుకవాసి తక్కువైతే గొట్టం సిర గోడకు బయటే ఉండిపోతుంది. ఎక్కువైతే సూది అవతలి గోడను చీల్చుకుపోతుంది. రక్తం తీసే మనిషికి "దొరికింది" అన్నచోట పని పూర్తి అయితే, ఈవిడకు అక్కడ సగమే అయిందన్నమాట.

గొట్టం లోపలికి వెళ్ళాక ఉక్కు సూదిని పూర్తిగా బయటికి లాగి పారేస్తారు. ఈ సంగతి తెలియక చాలామంది రోగులు "చేతిలో సూది ఉంది, కదిపితే గుచ్చుకుంటుంది" అని రాత్రంతా చెయ్యి కొయ్యలా పెట్టుకుని పడుకుంటారు. లోపల సూది లేదు. మెల్లగా చెయ్యి కదుపుకోవచ్చు, అన్నం తినవచ్చు. మేము నర్సింగు నేర్చుకునే రోజులలో ఈ సౌఖ్యం మాకు దొరికేది కాదు. గాజు సిరంజీలు ఉడకబెట్టుకునేవాళ్ళం. సెలైనుకు ఉక్కు సూదినే సిరలో ఉంచి, చేతికి చెక్కబద్ద కట్టేవాళ్ళం. రోగి నిద్రలో పక్కకు తిరిగితే సూది సిరను చీల్చేది. అమెరికాలో మేయో క్లినిక్కులో మత్తు వైద్యం నేర్చుకుంటున్న డేవిడ్ మాసా అనే యువ డాక్టరు, సూదిమీద ప్లాస్టిక్ గొట్టం తొడిగే ఉపాయాన్ని 1950లో కనిపెట్టాడు. ఆ గొట్టం మా వార్డులదాకా రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది.

కాపురానికి ఇల్లు వెదికేవారు గుమ్మం ఒక్కటీ చూసి ఊరుకోరు గదా! నీళ్ళూ, గాలీ, ఇరుగూ పొరుగూ అన్నీ చూసుకుంటారు. కాన్యులాకు కూడా సిర గొట్టం పొడవునా తిన్నగా ఉండాలి. కీలు మీద ఉండకూడదు; మోచేతి మడతలో పెడితే చెయ్యి వంచినప్పుడల్లా గొట్టం మడతపడుతుంది. అందుకే తొందర అవసరాలలో తప్ప ముంజేతినో, చెయ్యి వెనక భాగాన్నో వెదుకుతారు. పైగా, ముందుగా కింది భాగాన చూసి, అక్కడ కుదరకపోతేనే పైకి పోతారు. ఎందుకంటే పైన ఒకచోట పొడిచి సిర చెడితే, కింద ఎక్కించినది ఆ చిల్లులోంచి కారిపోతుంది. రక్తం తీసే కుర్రవాడికి ఇన్ని చిక్కులు లేవు.

ఇంకొక చిక్కు కంటికి కనబడనిది. సిరలలో అక్కడక్కడ చిన్న తలుపులుంటాయి. అవి రక్తాన్ని గుండె వైపుకే పోనిస్తాయి, వెనక్కు రానివ్వవు. ఇంగ్లండులో విలియం హార్వే అనే వైద్యుడు 1628లో అచ్చువేసిన గ్రంథంలో, జబ్బకు కట్టు కట్టిన చేతిమీద వేలితో నొక్కి చూపి ఈ తలుపుల పనిని లోకానికి తెలిపాడు. గొట్టం కొస సరిగ్గా అటువంటి తలుపుకు తగిలిందంటే ముందుకు పోదు. రక్తం కనబడ్డా, చెయ్యి తిరిగిన నర్సు అయినా ఒక్కొక్కప్పుడు వెనక్కు తీయక తప్పదు.

అన్నిటికన్న విచిత్రమేమంటే, సెలైను ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది పెట్టడం కష్టం. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సిరలు అణగిపోయి దారాల్లా ఉంటాయి. వాన కావలసినప్పుడే కాలువ పూడిపోయినట్టు. ఇక పెద్దవాళ్ళకు సిరలు తాళ్ళలా పైకి తేలి కనిపిస్తాయి గాని, ముట్టుకుంటే పక్కకు దొర్లుతాయి, సూది తగిలితే చిట్లుతాయి. మన సోదరి అత్తగారికి ఈ రెండూ కలిసి వచ్చాయి.

అలాగని ఎన్నిసార్లు పొడిచినా నోరు మూసుకుని కూర్చోమని నేననను. చాలా ఆసుపత్రులలో ఒకరు రెండుసార్లు ప్రయత్నించి కుదరకపోతే ఇంకొకరిని పిలవాలనే పద్ధతి ఉన్నది. "అమ్మా, కాసేపు ఆగి, పెద్ద సిస్టరుగారిని ఒకసారి పిలుస్తారా?" అని మెల్లగా అడిగితే తప్పులేదు. కేకలు వేస్తే మాత్రం వణికే చేతితో మూడవ పోటు పడుతుంది. ఆ పోటు పడేది మనవాళ్ళకే. అడగడానికి బదులు మనం చేయగల సాయం కూడా ఉన్నది. రోగి చెయ్యి చల్లగా ఉంటే వెచ్చని గుడ్డ చుట్టవచ్చు, మంచం పక్కకు కిందికి వేలాడదీయవచ్చు. సిరలు కాస్త నిండుతాయి.

ఇంతవరకు చెప్పినది పెట్టడం గురించి. అసలు తేడా పెట్టిన తరువాత కనబడుతుంది. 1832లో స్కాట్లండులో కలరా ప్రబలినప్పుడు లీత్ పట్టణపు డాక్టరు థామస్ లాటా, చావు బతుకులలో ఉన్న ఒక ముసలామె సిరలోకి గొట్టంతో ఉప్పునీరు ఎక్కించాడు. మనుషులకు అలా చెయ్యడంలో ఆయనే మొదటివారని చెప్పాలి. ఆరు పైంట్లు ఎక్కేసరికి ఆమె కళ్ళు మెరిశాయి, చేతులు వెచ్చబడ్డాయి, మాట వచ్చింది. గండం గడిచిందనుకుని ఆయన ఆమెను ఆసుపత్రివారికి అప్పగించి వెళ్ళాడు. మళ్ళీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఎక్కించిన నీరంతా పోయింది. అయిదున్నర గంటలలో ఆమె కన్నుమూసింది. ఈ సంగతి లాటాయే స్వయంగా వ్రాసి ప్రకటించాడు. సెలైను ఎక్కించడంతో పని ముగియదు, దానిని కనిపెట్టుకుని ఉండాలి అనే పాఠం మొదటి రోగితోనే తెలిసిందన్నమాట.

రక్తం తీసిన చోట రెండు మూడు నిముషాలు నొక్కితే బాధ్యత తీరుతుంది. కాన్యులా ఉన్నన్నాళ్ళూ చర్మంలో ఒక తలుపు తెరిచి ఉన్నట్టే. దానిగుండా మందూ పోవచ్చు, సూక్ష్మక్రిమీ పోవచ్చు. నర్సు ఒక్కతే ఎన్నో మంచాలు చూసుకోవాలి. ఆ చేతిని రాత్రంతా దగ్గర ఉండి చూడగలిగేది మనమే. దుప్పటి కింద దాచకుండా చెయ్యి పైకి పెట్టించండి. గొట్టం ఉన్నచోట ఉబ్బి, చర్మం బిగిసి చల్లగా ఉంటే, ఎక్కించేది సిరలోకి కాక కండలోకి పోతున్నదన్నమాట. ఎర్రబడి, వేడిగా ఉండి, నొప్పి పుడితే సిర వాచిందన్నమాట. మందు ఎక్కుతుంటే భగ్గున మండినా, ప్లాస్టరు తడిసి ఊడినా, చీము కనబడినా, చలిజ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. కొన్ని మందులు బయటికి కారితే అక్కడి కండనే పాడుచేస్తాయి. "పాపం, నర్సును నిద్ర లేపడమెందుకు" అనుకునే మొగమాటం ఇక్కడ పనికిరాదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. చెప్పనిదే నర్సుకయినా తెలియదు.

సీసా ఖాళీ అయితే గాలి గుండెలోకి పోయి ప్రాణం తీస్తుందని మనవాళ్ళకు గొప్ప భయం. మామూలుగా పైన వేలాడదీసిన సెలైను సీసా ఖాళీ అయితే, గొట్టంలో నీరు కొంత దిగి, సిరలోని ఒత్తిడికి ఆగిపోతుంది. చిన్న బుడగలకు కంగారు పడవద్దు. కాని రక్తం వెనక్కు వచ్చి గడ్డకడితే గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు ఇంకొక పోటు తప్పదు. కనుక కాస్త మిగిలి ఉండగానే చెప్పండి.

ఇక ఈ రెండు సూదులూ కలిసే చోటు ఒకటున్నది. అక్కడే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. "ఎలాగూ గొట్టం ఉంది గదా, మళ్ళీ పొడవడమెందుకు, అందులోంచే రక్తం తీయండి" అని మనం బతిమాలుతాము. గ్లూకోజు ఎక్కుతున్న చేతినుంచి రక్తం తీస్తే, మధుమేహం లేనివారికి కూడా చక్కెర ఎక్కువగా చూపవచ్చు. సెలైను కలిస్తే రక్తం పలచబడి, లేని రక్తహీనత కనబడవచ్చు. సన్నని గొట్టంలోంచి లాగినప్పుడు కణాలు చిట్లి పొటాషియం ఎక్కువగా రావచ్చు. ఆ కాగితం చూసి డాక్టరు మందు మారిస్తే నష్టం ఎవరిది? రెండవ చేతికి ఇంకొక చిన్న పోటు పడినా అదే మేలు. గొట్టం పెట్టిన క్షణాన, ఏమీ ఎక్కించకముందు తీయడం వేరే సంగతి. అది వాళ్ళు ఆలోచించుకుని చేసే పని.

కొన్ని చేతులను ముందే కాపాడుకోవాలి. రొమ్ము ఆపరేషనులో చంక గ్రంథులు తీసినవారు ఆ వైపు చెయ్యి ఇవ్వకూడదని తామే గుర్తు చెయ్యాలి. డయాలిసిస్ కోసం సిరనూ ధమనినీ కలిపి కుట్టిన చేతిని ఏ సూదికీ ఇవ్వరాదు.

చివరకు అందరికీ పనికివచ్చే మాట. నీరసంగా ఉన్నదనీ, "బలానికి ఒక సెలైను పెట్టండి డాక్టరుగారూ" అనీ అడిగేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అర లీటరు మామూలు సెలైనులో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, తక్కినది నీరు. అర లీటరు 5 శాతం గ్లూకోజులో ఉండేది 25 గ్రాములు, అయిదారు చిన్న చెంచాల చక్కెరతో సమానం. నోటితో తాగగలిగి, కడుపులో నిలిచే మనిషికి గ్లాసు మజ్జిగా, ఇంత అన్నమూ అంతకన్న ఎక్కువ బలమిస్తాయి. ఆ మాత్రం దానికి చేతికి తలుపు తెరిపించుకోవడమెందుకు? తాగలేనివారికీ, ప్రాణం మీదికి వచ్చినవారికీ మాత్రం అదే సంజీవని. అప్పుడు ఒక్క నిముషం కూడా ఆలస్యం చెయ్యకండి.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ ఉదయం డాక్టరుగారు రాగానే ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఈ గొట్టంతో ఇంకా పని ఉన్నదాండీ?" ఒకప్పుడు మూడు నాలుగు రోజులకు తప్పనిసరిగా మార్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల రోజూ పరీక్షగా చూసి, చెడితే మారుస్తారు, పని లేకపోతే తీసేస్తారు. తీసేయవలసినదాన్ని "మళ్ళీ కావలసి వస్తుందేమో" అని ఉంచమనకండి. ఇంటికి పంపేటప్పుడు సామాను సర్దుకునే హడావుడిలో రెండు చేతులూ ఒకసారి చూసుకోండి. డాక్టరు ప్రత్యేకంగా ఉంచమంటే తప్ప, ఆ గొట్టం మనతో గుమ్మం దాటకూడదు.